పిల్లల నిద్ర దగ్గర బేరాలొద్దు

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో రాత్రి పదకొండు దాటినా లైటు వెలుగుతూనే ఉంటుంది. తెల్లవారుజామున అయిదింటికే "లేరా, స్టడీ అవర్‌కి టైమవుతోంది" అని అమ్మ కేక. పిల్లాడు టిఫిన్ సగం వదిలేసి, బ్యాగు తగిలించుకుని బస్సెక్కేస్తాడు. మొదటి పీరియడ్‌లోనే కళ్లు మూతలు పడతాయి.

దాన్ని బద్ధకం అనకండి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పైగా ఆ వయసులో నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోను చిన్నప్పటికంటే ఆలస్యంగా విడుదలవుతుంది. పెందలాడే పడుకోమన్నా నిద్ర పట్టదు. పక్కలో సెల్‌ఫోను ఉంటే ఇంకా ఆలస్యం. పగలు చదివింది బుర్రలో కుదురుకోవడానికి నిద్రే ఆధారం. అది చాలకపోతే చిరాకు, దిగులు, మతిమరుపు తోడవుతాయి. మార్కుల కోసం నిద్ర తెగ్గోస్తే ముందు దెబ్బతినేది ఆ మార్కులే.

రాత్రి ఫోన్లు హాల్లో పెట్టేయండి, ముందు పెద్దలవి. అన్నం దగ్గర మార్కుల ఊసెత్తకండి. పిల్లలు రోజుల తరబడి ముభావంగా ఉంటే 14416కు ఫోన్ చేయండి. కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి అది. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు పిల్లలకూ చెప్పి ఉంచండి.