చిన్న కవిత, వానబొట్టు

చిన్న కవితను చూచినంతనే 'ఇందులో అర్థమేమి?' అని మనము తొందరపడుదుము. దానికి ముందు 'ఇందులో ఏమి కనబడుచున్నది?' అని అడిగిన మేలు.

వస్తువును సూటిగా చూపవలెనని, అక్కరలేని మాట ఒక్కటియు వాడరాదని 1913లో చికాగో నగరపు 'పొయెట్రీ' పత్రికలో ఎజ్రా పౌండ్, ఆయన మిత్రులు చాటిరి. ఆ త్రోవలో నడచిన విలియం కార్లోస్ విలియమ్స్ న్యూజెర్సీలో వైద్యుడు. 1923లో ఆయన ప్రకటించిన ఒక కవితలో 16 మాటలే కలవు. ఎర్రని ఒంటిచక్రపు చేతిబండి, దానిపై వాననీరు, ప్రక్కన తెల్లని కోళ్లు, అంతే. వాటికెంతో విలువ గలదని సూచించి, ఎందుకో చెప్పక కవి ఊరకున్నాడు.

ఆ 'ఎందుకో' గుత్తివారికి ఒకరు చెప్పవలెనా? కోటకొండ మీదికి మబ్బు వచ్చి, కురియకయే తరలిపోవుట మనమెన్నిసార్లు చూడలేదు! విత్తిన వేరుశనగ ఒక్క పదునుకై కాచుకొని యుండగా, ఒకనాటి తెల్లవారుజామున ఎద్దులబండి కాడిపై నీటిబొట్లు నిలిచినవనుకొందము. ఇంటి అప్పు, పశువుల మేత, పిల్లల చదువు, అన్నియు ఆ బొట్లలో ఇమిడియున్నవి. వాటిని వరుసగా చెప్పిన లెక్క యగును. బొట్టును చూపి ఊరకున్న కవిత యగును.

మన వేమన ఆటవెలదిలో పోలికను చూపి, నీతిని కూడ చెప్పెను. ఈ అమెరికా కవి దానిని మనకు విడిచినాడు. కనుక ఇట్టి కవితను రెండుమార్లు నెమ్మదిగా చదివి, కన్నులు మూసికొని, బొమ్మ నిలుచుదాక ఆగుదము. వానకై ఆగ నేర్చిన మనకు అది కష్టము కాదు.