ఆకెన్‌లో మంచినీళ్లు, అయోడిన్ మాత్రలు

జర్మనీలోని ఆకెన్‌లో చదువుకుంటున్న మన పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ ఈ నాలుగు మాటలు వినండి.

ఆకెన్ నుంచి సరిహద్దు దాటితే, కారులో గంట ప్రయాణంలో బెల్జియంవారి టిహాంజ్ అణు విద్యుత్ కేంద్రం ఉంది. 2012లో అక్కడి రెండో రియాక్టర్ ఉక్కు పాత్రలో సన్నని పగుళ్లు బయటపడ్డాయి. ముందుజాగ్రత్తగా 2017లో ఆకెన్ ప్రాంత ప్రజలకు అయోడిన్ మాత్రలు ఉచితంగా పంచారు. ఆ రియాక్టర్ 2023లో మూతపడింది. కానీ జాగ్రత్త అవసరం పోలేదు.

ప్రమాదం జరిగితే నీళ్ల మాటేమిటి? 2011 మార్చిలో, జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత, టోక్యో కుళాయి నీళ్లలో రేడియోధార్మిక అయోడిన్ కనిపించింది. పసిపిల్లలకు ఆ నీళ్లు పట్టొద్దని అధికారులు చెప్పారు. చూస్తుండగానే దుకాణాల్లో నీళ్ల సీసాలు అయిపోయాయి.

నీళ్లు కాచి తాగితే సరిపోదా అంటారేమో. సరిపోదు. కాచితే క్రిములు చస్తాయి, రేడియోధార్మికత పోదు. అందుకే మూత తీయని సీసాల నీళ్లు ఇంట్లో ఉంచుకోండి. మనిషికి రోజుకు 2 లీటర్లు లెక్క.

ఇక మాత్రల సంగతి. అయోడిన్ మాత్ర థైరాయిడ్ గ్రంథిని మాత్రమే కాపాడుతుంది. అధికారులు చెప్పినప్పుడే వేసుకోవాలి, సొంతంగా వద్దు.

మళ్లీ చెబుతున్నాను. నీళ్లు ముందే దాచుకోండి. కాచిన నీళ్లను నమ్ముకోకండి. మాత్ర చెప్పినప్పుడే వేసుకోండి. వదంతులు వినకండి, అధికారిక ప్రకటన వినండి.