సీసం దాచలేని న్యూట్రాన్

ప్లుటోనియం ముద్దను మందపాటి సీసపు పెట్టెలో పెట్టి ఎవరో సరిహద్దు దాటిస్తున్నారనుకోండి. దాని గామా కిరణాలను సీసం చాలావరకు మింగేస్తుంది. న్యూట్రాన్లు మాత్రం ఆ గోడ దాటి వచ్చేస్తాయి. ప్లుటోనియం-240 ఒక గ్రాము ఉంటే చాలు, సెకనుకు సుమారు 1,000 న్యూట్రాన్లు వెలువడతాయి.

వాటిని పట్టుకోవడమే కష్టం. విద్యుదావేశం లేదు కనుక న్యూట్రాన్ పదార్థంలోంచి చప్పుడు లేకుండా వెళ్లిపోతుంది. 1932లో కేంబ్రిడ్జిలో జేమ్స్ చాడ్విక్ కూడా దాన్ని నేరుగా చూడలేదు. బెరీలియం నుంచి వచ్చే అంతుపట్టని కిరణాలు పారఫిన్ మైనంలోంచి ప్రోటాన్లను ఎంత జోరుగా తరుముతున్నాయో కొలిచి, అవి ప్రోటానంత బరువున్న, ఆవేశం లేని కణాలని తేల్చాడు.

మైనమే ఎందుకంటే, అందులో హైడ్రోజన్ ఎక్కువ. గోలీలాడిన వాళ్లందరికీ తెలుసు: గోలీ బండరాయిని కొడితే వెనక్కి ఎగురుతుంది, తనంత గోలీని సూటిగా కొడితే వేగమంతా దానికిచ్చి ఆగిపోతుంది. న్యూట్రాన్‌కు సీసపు కేంద్రకం బండరాయి, హైడ్రోజన్ కేంద్రకమైన ప్రోటాన్ తోటి గోలీ.

అందుకే స్టిల్బీన్ స్ఫటికం, కొన్ని సేంద్రియ ద్రవాలు, ప్లాస్టిక్ వంటి హైడ్రోజన్ నిండిన సింటిలేటర్లను వాడతారు. దెబ్బతిన్న ప్రోటాన్ వాటిలో చిన్న మెరుపు పుట్టిస్తుంది. గామా తగిలినా మెరుస్తుంది గానీ, ప్రోటాన్ మెరుపు ఆరడానికి ఇంకొంచెం ఎక్కువసేపు పడుతుంది. నానోసెకన్లలో జరిగే ఆ తేడాను పరికరం పసిగట్టగలగడం ఈ విద్యలో అన్నిటికంటే అందమైన భాగం.

మరి న్యూట్రాన్ ఏ దిక్కు నుంచి వచ్చింది? ఒక్క దెబ్బతో తెలియదు. సింటిలేటర్లను రెండు వరుసలుగా పెడతారు. మొదటి వరుసలోని మెరుపు ప్రోటాన్‌కు అందిన శక్తిని చెబుతుంది. అక్కడినుంచి రెండో వరుస చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి న్యూట్రాన్‌కు మిగిలిన శక్తి తెలుస్తుంది. ఈ రెండూ కలిస్తే అది ఎంత కోణంలో మళ్లిందో లెక్క తేలుతుంది. అంటే మూలం ఒక శంకువు ఉపరితలం మీద ఎక్కడో ఉంది. ఇలాంటి శంకువులు వందలు గీస్తే, అవన్నీ కలిసేచోట మూలం బయటపడుతుంది. అమెరికాలోని శాండియా జాతీయ ప్రయోగశాల ఇలాంటి కెమెరాలను నిర్మించింది. అంతకుముందే, 1991 జూన్‌లో సూర్యుడి మీద పేలిన జ్వాలల న్యూట్రాన్లను కాంప్టన్ ఉపగ్రహంలోని కాంప్టెల్ పరికరం ఇదే కిటుకుతో పట్టుకుంది.

ఈ కెమెరా నెమ్మదిగా పనిచేస్తుంది, దాని బొమ్మ మసకగా ఉంటుంది. నీళ్లు, పాలిథిన్ దట్టంగా అడ్డుపెడితే న్యూట్రాన్లు తగ్గిపోతాయి కూడా. కాబట్టి గామా పరికరాన్ని పక్కన పెట్టకూడదు. తనిఖీ కేంద్రాల్లో రెండూ ఉండాలి.