ఎసిటోన్‌ను తయారుచేసే బాక్టీరియా

పిండిపదార్థాలను, చక్కెరలను సూక్ష్మజీవుల సాయంతో వేరే పదార్థాలుగా మార్చే ప్రక్రియను కిణ్వనం అంటారు. వంటింట్లో దోసెపిండి పులియడానికీ, కర్మాగారాలలోని పెద్ద పెద్ద ట్యాంకులలో రసాయనాలు తయారుకావడానికీ మూలం ఈ ప్రక్రియే. అయితే దోసెపిండిలో అనేక రకాల జీవులు కలిసి పనిచేస్తే, కర్మాగారంలో సాధారణంగా ఎంపిక చేసిన ఒకే రకాన్ని, ఇతర జీవులు చొరబడకుండా కాపాడుతూ పెంచుతారు. పరిశ్రమల చరిత్రలో అలా విశిష్ట స్థానం పొందిన బాక్టీరియా క్లాస్ట్రీడియం అసిటోబ్యుటిలికం.

కడ్డీ ఆకారంలో ఉండే ఈ జీవి నేలలో నివసిస్తుంది. ఆక్సిజన్ ఉన్నచోట పెరగలేదు. పరిస్థితులు అనుకూలించనప్పుడు స్పోరు అనే గట్టి కవచం గల రూపం దాల్చి చాలాకాలం నిద్రాణంగా ఉండగలదు. గాలి చొరని ట్యాంకులో, సుమారు 37 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఉడికించిన మొక్కజొన్న పిండి జావలో దీనిని పెంచినప్పుడు, మొదట చక్కెరలను అసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మారుస్తూ హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వాయువులను విడుదల చేస్తుంది. ఆమ్లాలు పేరుకొని తన మనుగడకే ముప్పు వాటిల్లే వేళకు తన జీవక్రియ దిశను మార్చుకొని, ఆ ఆమ్లాలనే తిరిగి లోనికి తీసుకొని, ఎసిటోన్, బ్యుటనాల్ అనే ద్రావణులను, అంటే ఇతర పదార్థాలను కరిగించగల ద్రవాలను, కొద్దిపాటి ఇథనాల్‌తో సహా తయారుచేస్తుంది. ఇవి సుమారు 3:6:1 నిష్పత్తిలో లభిస్తాయి.

గోళ్ల రంగును తుడిచే ద్రవంగా చాలామందికి పరిచయమైన ఎసిటోన్, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కార్డైట్ అనే పొగరాని తుపాకిమందు తయారీకి అత్యవసరమైంది. అంతవరకు కలప నుండి లభిస్తున్న ఎసిటోన్ బ్రిటన్ అవసరాలకు చాలకపోవడంతో, మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రసాయన శాస్త్రవేత్త, తరువాత 1949లో ఇజ్రాయెల్ తొలి అధ్యక్షుడైన ఖైమ్ వైజ్‌మన్ రూపొందించిన కిణ్వన పద్ధతిని ప్రభుత్వం చేపట్టింది. ధాన్యం కొరత ఏర్పడిన 1917లో బడిపిల్లల చేత హార్స్ చెస్ట్‌నట్ అనే చెట్టు కాయలను కూడా ఇందుకోసం ఏరించారు.

యుద్ధం ముగిశాక అమెరికాలో కార్ల పరిశ్రమ విస్తరించడంతో, అంతకుముందు పెద్దగా గిరాకీ లేని బ్యుటనాల్‌కు త్వరగా ఆరే రంగుల తయారీలో విలువ ఏర్పడింది. అయితే ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలానికి పెట్రోలియం నుండి ఈ ద్రావణులను చవకగా తీయడం సాధ్యమై, చాలా దేశాలలో కిణ్వన కర్మాగారాలు మూతపడ్డాయి. బ్యుటనాల్ ఈ బాక్టీరియాకే విషం కావడం మరొక బలహీనత. లీటరుకు సుమారు 13 గ్రాములకు చేరేసరికి కిణ్వనం ఆగిపోతుంది కనుక, ఆ కొద్దిపాటి ద్రవం కోసం ఎంతో నీటిని మరిగించి స్వేదనం చేయవలసి వస్తుంది.

ఈ చిక్కును తొలగించడానికి, తయారైన బ్యుటనాల్‌ను వెంటవెంటనే ట్యాంకు నుండి బయటకు లాగే పద్ధతులను, దానిని మరికొంత తట్టుకోగల బాక్టీరియా రకాలను శాస్త్రవేత్తలు అభివృద్ధి చేస్తున్నారు. ఆహారధాన్యాలకు బదులు వరిగడ్డి, మొక్కజొన్న చొప్ప, చెరకు పిప్పి వంటి వాటిలోని సెల్యులోజును చక్కెరలుగా విడగొట్టి వాడే ప్రయత్నాలూ సాగుతున్నాయి. పెట్రోలియం తరిగిపోయే నిధి కాగా, పంట వ్యర్థాలు ఏటేటా లభించే ముడిసరుకు. తక్కువ ఖర్చుతో వాటిని చక్కెరలుగా మార్చి, తయారైన ద్రావణిని నీటి నుండి వేరుచేయగలిగిన నాడే, పొలంలో తగలబెట్టే గడ్డి రైతుకు ఆదాయంగానూ, పరిశ్రమకు ఆధారంగానూ మారుతుంది.