పాల డబ్బుకు రెండు తాళాలు



రెండు పూటలా పితికి పోసిన పాల డబ్బు నేడు బ్యాంకు ఖాతాలో జమ అవుతున్నది. ఫోనులో నడిపే ఆ ఖాతాకు బ్యాంకు రెండు తాళాలు వేస్తుంది. ఒకటి మనకే తెలిసిన పాస్‌వర్డు. రెండవది మన నంబరుకు వచ్చి, ఒక్కసారికే పనిచేసే ఓ.టి.పి. అందుకే దొంగ తాళం పగలగొట్టడు. బ్యాంకు మేనేజరునంటూ ఫోను చేసి, తాళంచెవి మననే అడుగుతాడు. బ్యాంకువారు దానిని ఎన్నడూ అడగరు. యు.పి.ఐ.లో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు, ఇవ్వడానికే కావాలి.

మోసపోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే బ్యాంకుకు, 1930కి ఫోను చేద్దాం. చెవి మనమే ఇచ్చినట్లయితే, బ్యాంకుకు తెలిపేవరకు పోయినది మన నష్టమేనని 2017లోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కనుక ఆలస్యమైన ప్రతి నిమిషమూ మన పాల డబ్బే.