ఇంటి ఆటబల్ల
(కురుడుమలెలో జరిగిన మన కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పదమూడున్నర అడుగుల ఏకశిలా గణపతి వెలసిన యీ యూరిలో కొయ్యపనిని గూర్చి మాటలాడుట సాహసమే. అయినను మా యింట మేము చేసికొన్న యొక బల్ల సంగతి మీకు విన్నవింపదలచితిమి.

మా యింటి అవ్వ వామన గుంటల ఆటలో దిట్ట. మోకాళ్ల నొప్పిచే నేలపై కూర్చుండలేకపోయినది మొదలు ఆమె గుంటల పీట అటక యెక్కినది. ఒకనాడు మనుమరాలు గవ్వలు దెచ్చి, "ఇవి ఎట్ల లెక్కపెట్టేది అవ్వా?" అని యడిగినది. నాలుగు గవ్వలును వెల్లకిల పడిన చమ్మ, నాలుగును బోర్ల పడిన అష్ట యను సంగతి పదేండ్ల బిడ్డ వినియే యుండలేదు! మన పిల్లలు బడిలో కన్నడమును, ఆంగ్లమును నేర్చుచున్నారు, అది మేలే. తెలుగు నేర్పవలసిన చోటు మాత్రము ఇల్లే గదా. అవ్వను నేలపై కూర్చుండబెట్టలేము గనుక ఆటనే బల్లపైకి తేవలయునని నిశ్చయించితిమి.

చెక్క కోయుటకు ముందు కొలతలన్నియు కాగితముపై వ్రాసికొంటిమి. పచ్చీసు పటమున ఒక్కొక్క బారుకు 3 వరుసలు, వరుసకు 8 గడులు. నడిమి యిల్లు 3 గడుల వెడల్పు. ఈ కొననుండి ఆ కొనకు 19 గడులు. గడి అంగుళమైనచో 19 అంగుళములు చాలును. చదరంగమునకు రెండంగుళముల గడులతో 16, అష్టాచమ్మకు మూడంగుళముల గడులతో 15 అంగుళములు. అన్నిటికంటె పొడవైనది గుంటల పీట: వరుసకు 7 గుంటలు, గుంట వెడల్పు రెండున్నర అంగుళములు, నడుమ అరంగుళపు సందులు, కొనల అంచులు కలిసి 24 అంగుళములు. కావున బల్ల లోపలి కొలత 24 అంగుళముల చదరమని తేలినది.

ఈ చదరమును రెండంగుళముల లోతుగల పళ్లెమువలె చేసి, అందు అరంగుళము మందముగల మూడు పలకలను ఒకదానిపై నొకటి అమర్చితిమి. ఒక పలకకు ఒకవైపు చదరంగము, రెండవవైపు పచ్చీసు. మరొకదానికి అష్టాచమ్మయు, 3 పులులు 15 మేకల పులిజూదమును. మూడవదానికి అడుగున దాడి. పైవైపు ఏ గీతయు లేదు. దానిపై పిల్లలు పాఠములు వ్రాసికొందురు. పలకలపైన మిగిలిన అరంగుళపు గట్టు గవ్వలను క్రింద పడనీయదు. పీటకును, చింతగింజలకును క్రింద సొరుగు కలదు.

మా పొరపాట్లను గూడ చెప్పవలయును. పాత తలుపు చెక్కతో పలకలను సరిగా 24 అంగుళములకు కోసితిమి. వానకాలమున అవి ఉబ్బి బిగిసికొని పైకి రాలేదు. పిమ్మట చుట్టును అంగుళములో ఎనిమిదవ వంతు తగ్గించి, వ్రేలు పట్టునట్లు మూలనొక రంధ్రము చేసితిమి. సొరుగు తొలుత లోతుగా నుండి అవ్వ మోకాళ్లకు తగిలెను. దానిని మూడంగుళములకు తగ్గించి, అడుగున 24 అంగుళములు ఖాళీ విడిచితిమి. మొత్తము ఎత్తు 30 అంగుళములు. ఎవరి కొరకు బల్ల చేయుచున్నామో వారినే ముందుగా కుర్చీలో కూర్చుండబెట్టి కొలువవలయునని అప్పుడు తెలిసికొంటిమి.

ఈ యాటలు మనకు మాత్రమే చెందినవి కావు. గుంటల పీటను మన కన్నడ సోదరులు అళిగుళి మణె యందురు; తమిళులు పల్లాంగుళి యందురు. మైసూరు ప్రభువగు మూడవ కృష్ణరాజ ఒడయరు పలకలపై నాడు ఆటలయందు మిక్కిలి మక్కువ గలవారు. పచ్చీసే ఇంగ్లండులో మారి, 1896లో లూడో యను పేర హక్కుపత్రము పొందినది. ఆట ఇరుగుపొరుగు వారిదైనను, దానిని మన యింట ఆడు మాట మనది.

2001లో కోలారు బంగారు గనులు మూతపడిన పిమ్మట అక్కడివారెందరో నిత్యము రైలెక్కి బెంగుళూరునకు పనికి పోవుచున్నారు. ఇంటిల్లిపాదియు కలిసికొనునది రాత్రివేళ కొంతసేపే. ఆ కొంతసేపు మా యింట ఇప్పుడు బల్లచుట్టు గడచుచున్నది. అవ్వ గింజలు పంచుచుండగా మనుమరాలు తెలుగున లెక్కించుచున్నది. తప్పు పట్టినచో తెలుగుననే వాదించుచున్నది.

మీయందరికిని బల్ల చేయించుకొను వీలు లేకపోవచ్చును. ఒక్క పలకయైనను చాలును. అయితే వడ్రంగిని పిలుచుటకు ముందు మీ యింటి పెద్దలను పిలిచి, వారాడిన ఆటల పేర్లు, నియమములు, పందెపు మాటలు వ్రాసికొనుడు. చెక్క రేపైనను దొరకును. ఆ మాటలు చెప్పువారు నేడు మనయెదుట నున్నారు.