బల్లలు కంపెనీవి, పైసలు జనానివి
(ప్రసంగ పాఠం)

ముందుగాల ఒక కోర్టు కేసు చెప్తా. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్, అక్రాన్ ప్రాంతాల పది బడులు 2010లో కోర్టుకెక్కినయి. ఎవరి మీద? తమను నడుపుతున్న కంపెనీ మీదనే. దాని పేరు వైట్ హ్యాట్ మేనేజ్‌మెంట్. సర్కారు బడికిచ్చే సొమ్ములో దాదాపు 95 శాతం కంపెనీకే పోవాలని ఒప్పందం. ఆ సొమ్ముతోనే కంపెనీ బల్లలు, కుర్చీలు, కంప్యూటర్లు కొన్నది. బడులు తెగతెంపులు చేసుకుంటమంటే, సామాన్లు మావి, కావాలంటే కొనుక్కోండి అన్నది. 2015 సెప్టెంబర్‌లో ఒహాయో సుప్రీంకోర్టు కూడా ఒప్పందంలో అట్లనే రాసుకున్నరు, కొనాల్సిందే అని తేల్చింది. జనం పన్నుతో ఒకసారి కొన్న కుర్చీని జనం పన్నుతోనే ఇంకోసారి కొనాలె!

వీటినే చార్టర్ స్కూళ్లంటరు. ఒహాయో చట్టంలో వీటి పేరు కమ్యూనిటీ స్కూళ్లు. పేరు చూస్తే ఊరందరిదీ అనిపిస్తది. పైసలు సర్కారువి, పెత్తనం ప్రైవేటు బోర్డుది. పిల్లల దగ్గర ఫీజు తీసుకోరు, పిల్లల తలలు లెక్కబెట్టి సర్కారే ఇస్తది. 1991లో మిన్నెసోటా రాష్ట్రం మొదటి చట్టం చేసింది. మీకు నిబంధనలు సడలిస్తం, బదులుగా ఫలితాలకు, పైసలకు జవాబు చెప్పాలె. ఇదీ బేరం. సడలింపు మొదటిరోజే దొరికింది. జవాబు మాత్రం ఇంకా వెతుక్కుంటున్నరు. వీటిల్లో మంచి బడులు లేవని నేననను. కష్టపడి చెప్పే పంతుళ్లున్నరు. నా పంచాయితీ లెక్కతోని.

ఇక్కడ ఉద్యోగులున్నరు కాబట్టి మీకు తొందరగా అర్థమైతది. మీ ఆఫీసులో పది రూపాయలు ఖర్చు పెడితే బిల్లు కావాలె, వోచర్ కావాలె. ఆ బడులకూ ఆడిట్ ఉన్నది. కానీ ఆడిటర్ పుస్తకం తెరిస్తే పెద్ద ఖర్చంతా ఒక్క పద్దులో కనబడుతది: మేనేజ్‌మెంట్ కంపెనీకి చెల్లింపు. రసీదు ఉన్నది, పద్దు సరిపోయింది, సంతకం అయిపోయింది. కంపెనీ లోపలికి పోయినంక ఆ డాలర్ పంతులు జీతమైందా, యజమాని లాభమైందా? అది ప్రైవేటు సంస్థ, తలుపు మూసి ఉంటది.

ఒహాయోలో దీనికో చిట్కా పెట్టిన్రు. బడి ఆదాయంలో 20 శాతం మించి కంపెనీకి పోతే, కంపెనీ తన ఖర్చుల వివరం ఇయ్యాలె, దాన్ని బడి లెక్కల కింద ఫుట్‌నోట్‌గా వెయ్యాలె. జీతాలకింత, సరుకులకింత అని మొత్తాలుంటయి, బిల్లులుండవు. సొమ్ములో సింహభాగం పాదసూచికలో పడి ఉంటే దాన్ని లెక్క అంటమా?

ఇగ హాజరు సంగతి. తలకింత అని పైసలిస్తే, హాజరు పట్టీయే చెక్కుబుక్కు. 2000లో కొలంబస్ కేంద్రంగా ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో అనే ఆన్‌లైన్ బడి మొదలైంది. పొట్టిగా ఈకాట్. దాని స్థాపకుడికి చెందిన కంపెనీలకే దాని కాంట్రాక్టులు దక్కినయి. 2015-16లో 15 వేల మందికి పైగా పిల్లలున్నరని చూపి సర్కారు సొమ్ము తీసుకున్నది. విద్యాశాఖ వచ్చి, ఎవరు ఎన్ని గంటలు చదివిన్రో చూపమన్నది. పూర్తికాలం పిల్లల లెక్కన దాదాపు 6,300 మందికే ఆధారం దొరికింది. బడి ఏం వాదించిందో తెలుసా? ఏడాదికి 920 గంటల చదువు అందుబాటులో పెట్టుడు మా పని, పిల్లలు చదివిన్రా లేదా అన్నది చూడొద్దు అన్నది! హోటల్ల అన్నం వండి పెట్టినం, తినకున్నా బిల్లు కట్టున్రి అన్నట్టు. 2018 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది.

అప్పటికే బడి మూతబడ్డది. 2018 జనవరిలో, చదువు ఏడాది నడిమధ్యల, దాదాపు 12 వేల మంది పిల్లలు వేరే బడులు వెతుక్కున్నరు. గుర్తుంచుకోండి, 2000 నుంచి 2018 దాకా ఆ బడికి ఏటా పైసలు పోయినయి, ఏటా ఆడిట్లు అయినయి. హాజరు గంటల రికార్డు గట్టిగా అడిగింది మాత్రం 2016లోనే. 2022లో రాష్ట్ర ఆడిటర్, ఈ బడి నుంచి రావాల్సింది 11.7 కోట్ల డాలర్లకు పైనే అని రాసిండు. అప్పటికి బడి మూతపడి నాలుగేండ్లు.